నాలుగు కొమ్ముల గుడ్డు

జెరూషా మార్కర్ మూత తీసి చార్టు మీద ఆ లైనుకి అడ్డంగా గీత కొట్టేసింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

ఏడో తరగతి గదిలో మాటలు ఆగిపోయాయి. మధ్యాహ్నం భోజనాలై ఇంకా పావుగంట కాలేదు. సైన్స్ ఫెయిర్‌కి వెళ్లే టీములన్నీ నేల మీద చార్టులు పరుచుకుని కూర్చున్నాయి. అందరూ తలలెత్తి చూశారు.

కొట్టేసిన లైను ఇది: ‘టేకు చేప గుడ్లు పెట్టదు. పిల్లల్ని కంటుంది.’

అది రాసింది యశస్విని. ఆమె చేతిరాత అచ్చు వేసినట్టుంటుంది. బొమ్మలు అంతకన్నా బాగా వేస్తుంది. ఆ లైనుకి పైన టేకు చేప బొమ్మ వేసింది కూడా ఆమే. చేటలాగా పరుచుకున్న ఒళ్లు, కొరడా లాంటి సన్నటి తోక, ఆ తోక మీద పొడుగాటి విషపు ముల్లు. ఆ బొమ్మ వెయ్యడానికి ఆమెకి రెండు రోజులు పట్టింది.

“లైబ్రరీ పుస్తకంలో అలాగే ఉంది,” అంది యశస్విని మెల్లగా.

“పుస్తకంలో తప్పుంది,” అంది జెరూషా. “గుడ్డు నా చేతిలో ఉంటే పుస్తకం ఎందుకు?”

గుడ్డు నిజంగానే ఆమె చేతిలో ఉంది. కాకపోతే చూసినవాళ్లెవరూ దాన్ని గుడ్డు అనరు. అరచేయంత నల్లటి సంచి. పాత చెప్పు తోలులా గట్టిగా ఉంటుంది. నాలుగు మూలలా నాలుగు కొమ్ములు.

దాన్ని తెచ్చింది ఏసురత్నం మావయ్య. జెరూషా వాళ్ల అమ్మకి తమ్ముడు. విశాఖపట్నంలో ఒక చేపల సర్వే ఓడ మీద వంట చేస్తాడు. ఆ ఓడ సముద్రంలో చాలా లోతుకి వల దించి, ఎక్కడ ఏ చేపలున్నాయో లెక్క చూస్తుంది. క్రితం నెల వచ్చినప్పుడు మావయ్య న్యూస్‌పేపర్లో చుట్టిన పొట్లం విప్పి, “ఇది గుడ్డు, జెరూషా. టేకు లాంటి చేప ఒకటుంది, అది పెట్టింది,” అన్నాడు. ఆ రోజు నుంచీ సంచి ఆమె స్కూలు బ్యాగులోనే ఉంది.

సైన్స్ మాస్టారు కొండలరావు గారికి మొదట్లో ఈ ప్రాజెక్టే నచ్చలేదు. వాన నీటి గుంట మోడల్ చేయమన్నారు. నందిగామకీ సముద్రానికీ వంద కిలోమీటర్ల పైనే దూరం, మనకెందుకు ఆ చేపల గొడవ అన్నారు. చంద్రుడు ఇంకా దూరంగా ఉన్నాడు కదండీ, అయినా పాఠం పెట్టారు కదండీ అని అడిగింది జెరూషా. సార్ సరే కానివ్వమన్నారు.

జెరూషా అంతే. ఒకసారి పట్టుబట్టిందంటే వదలదు. నాలుగో తరగతిలో ఉన్నప్పుడు, ఇది వీరులపాడు వెళ్లే బస్సేనని వాదించి, వాళ్లమ్మని చెయ్యి పట్టుకుని మరీ ఎక్కించింది. మైలవరంలో దిగాక, బస్సే దారి తప్పిందని చెప్పింది. ‘తప్పయింది’ అనే మాట ఆమె నోటి వెంట ఎవరూ వినలేదని వాళ్లమ్మ పరిమళ అందరికీ చెప్పి నవ్వుతూ ఉంటుంది.

ఇప్పుడు కొట్టేసిన లైను కింద జెరూషా పెద్ద అక్షరాలతో రాసింది: ‘టేకు చేప గుడ్డు పెడుతుంది. ఇదిగో గుడ్డు.’

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. యశస్విని ముఖం ఎర్రబడింది. ఆమె తన పెన్సిళ్లు, రబ్బరు, స్కేలు ఒక్కొక్కటే డబ్బాలో సర్దుకుంది. లేచి వెళ్లి డ్రిప్పు సేద్యం మోడల్ చేస్తున్న టీము పక్కన కూర్చుంది.

వెళితే వెళ్లనీ అనుకుంది జెరూషా. నిజం నా వైపు ఉంది కదా.

* * *

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక పరిమళ కూతుర్ని తీసుకుని చేపల మార్కెట్‌కి వెళ్లింది. నందిగామలో మామూలు రోజుల్లో చెరువు చేపలే దొరుకుతాయి. ఆదివారం మాత్రం మచిలీపట్నం నుంచి ఐసు పెట్టెల్లో సముద్రం చేపలు వస్తాయి. వాటిని అమ్మేది పుల్లమ్మ మామ్మ. నలభై ఏళ్లుగా అదే చోట, అదే కత్తిపీట.

టేకు చేప వస్తే తనకి చూపించాలని జెరూషా రెండు వారాలుగా ఆమెని బతిమాలుతోంది. ఆ రోజు దూరం నుంచే పుల్లమ్మ చెయ్యి ఊపింది.

పెట్టెలో ఐసు మీద గోధుమ రంగు చేప ఒకటి పరిచి ఉంది. పళ్లెమంత ఉంది. కళ్లు పైన, నోరు కింద. యశస్విని వేసిన బొమ్మ లాగే ఉంది. తోక మీది ముల్లుని మాత్రం పట్టినవాళ్లే విరిచేశారు.

“మామ్మా, కోసేటప్పుడు జాగ్రత్తగా కొయ్యి. లోపల గుడ్లుంటాయి. నల్లగా, నాలుగు కొమ్ములతో,” అంది జెరూషా.

పుల్లమ్మ ఆమె వంక వింతగా చూసింది. చేపని తిప్పి పొట్ట మీద ఒక గీత గీసింది. వేళ్లు లోపలికి పోనిచ్చి, ఏదో మెత్తటిదాన్ని బయటికి తీసి పలక మీద పెట్టింది. తర్వాత ఇంకొకటి.

అవి గుడ్లు కావు. పిల్లలు.

ఒక్కొక్కటి జెరూషా అరచేతిలో పట్టేంత ఉంది. రెక్కలు రెండూ చుట్టలు చుట్టుకుని ఉన్నాయి. పుల్లమ్మ వేలితో ఒకదాని రెక్క విప్పింది. అచ్చం తల్లిలాగే ఉంది. కళ్లున్నాయి, తోకుంది. కదలిక మాత్రం లేదు.

“గుడ్లెక్కడియ్యే అమ్మాయ్, ఇది ఈనే చేప,” అంది పుల్లమ్మ. “మేకలాగే. నా ఎరికలో ఏ టేకూ గుడ్డు పెట్టలా.”

జెరూషా ఆ చిన్న రెక్కని ఒక్కసారి ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసుకుంది. అమ్మ ఏదో అడిగింది. ఆమెకి వినపడలేదు.

దారి పొడుగునా ఆమె మావయ్య మీద కోపం తెచ్చుకుంది. మావయ్య అబద్ధం చెప్పాడు. ఎక్కడో రోడ్డు మీద దొరికిన తోలు ముక్క తెచ్చి గుడ్డు అన్నాడు. ఇంటికి రాగానే ఫోన్ చేసింది. ఓడ సముద్రంలో ఉంది కాబోలు, ఫోన్ కలవలేదు.

సోమవారం స్కూల్లో యశస్విని పక్క వరసలో కూర్చుని డ్రిప్పు పైపులకి రంగులు వేస్తోంది. నిన్న మార్కెట్లో ఏం చూశానో చెప్పేస్తే అయిపోయేది. జెరూషా రెండుసార్లు ఆమె వైపు తిరిగింది కూడా. రెండుసార్లూ నాలుక కదల్లేదు. ఒక్క చేప పిల్లల్ని కంటే అన్నీ అలాగే కంటాయా ఏంటి అని తనకి తనే చెప్పుకుంది. ఆ మాట తనకే నమ్మబుద్ధి కాలేదు.

* * *

మంగళవారం సాయంత్రం ఫోన్ కలిసింది. ఓడ రేవుకి వచ్చింది. జెరూషా పలకరింపులేవీ లేకుండా మావయ్యని నిలదీసింది. టేకు చేప గుడ్డు అని ఎందుకు చెప్పావు, దాని కడుపులో పిల్లలున్నాయి, నా కళ్లతో చూశాను అంది.

మావయ్య అంతా విన్నాడు. తర్వాత నెమ్మదిగా, “నేను టేకు అన్నానా? టేకు లాంటి చేప అన్నా,” అన్నాడు.

అన్నాడు. నిజంగానే ‘లాంటి’ అన్నాడు. ఆ ఒక్క మాటా ఆమె ఆ రోజే వదిలేసింది.

ఆ చేపని ఇంగ్లీషులో స్కేట్ అంటారని మావయ్య చెప్పాడు. కాళ్లకి చక్రాలు కట్టుకునే స్కేట్లు కావు, పేరు ఒకటే, అంతే. టేకుకి దగ్గర చుట్టం. చూడటానికి అలాగే పలచగా, బల్లపరుపుగా ఉంటుంది. కానీ టేకు తోక సన్నగా కొరడాలా ఉంటే, స్కేట్ తోక లావుగా ఉంటుంది. తోక చివర రెండు బుల్లి రెక్కలుంటాయి. విషపు ముల్లు ఉండదు. దానికి బదులు వీపు మీద, తోక మీద చిన్న చిన్న ముళ్లు వరసగా ఉంటాయి, రంపం పళ్లు అతికించినట్టు. అన్నిటికన్నా పెద్ద తేడా ఏంటంటే టేకు పిల్లల్ని కంటుంది, స్కేట్ గుడ్లు పెడుతుంది.

మావయ్య ఓడ మీద చేపల్ని చదివే మేడమ్ ఒకావిడ ఉంది. వంటగదిలో టీ తాగుతూ ఆవిడ చెప్పినవన్నీ మావయ్య చెప్పుకుంటూ పోయాడు. ప్రపంచంలో దాదాపు మూడు వందల రకాల స్కేట్లు ఉన్నాయట. కొన్ని స్కేలు పొడుగే ఉంటాయట. కొన్ని మనం పడుకునే మంచం కన్నా పొడుగట. చాలా రకాలు వెలుగే పడని లోతుల్లో, చల్లటి నీళ్లలో బతుకుతాయి. అందుకే మచిలీపట్నం పెట్టెల్లోకి అవి రావు, పుల్లమ్మ మామ్మ వాటిని చూసి ఉండదు. తల్లి ఆ నల్ల సంచిని సముద్రం అడుగున పెట్టి వెళ్లిపోతుంది. పిల్ల లోపల నెలల తరబడి ఉంటుంది. కొన్ని రకాల్లో ఏడాది దాటి కూడా. కొమ్ముల దగ్గర సన్నటి సందులుంటాయి. పిల్ల లోపల తోక ఆడిస్తూ ఉంటే ఆ సందుల్లోంచి కొత్త నీరు లోపలికి వస్తుంది. అలా ఊపిరి పీల్చుకుంటుంది. పెద్దదయ్యాక సంచి ఒక చివర తెరుచుకుని బయటికి ఈదిపోతుంది.

“సంచిని రాత్రంతా నీళ్లలో నానబెట్టు,” అన్నాడు మావయ్య. “మెత్తబడుద్ది. అప్పుడు నువ్వే చూడొచ్చు.”

ఫోన్ పెట్టేసిన కాసేపటికి ఒక ఫొటో పంపాడు. ఓడ మీద పరిచిన స్కేట్ చేప. వీపు మీద ముళ్ల వరస. లావుపాటి తోక. పక్కనే అచ్చం తన దగ్గరున్నదానిలాంటి నల్ల సంచి.

జెరూషా సంచిని చెంబులో నీళ్లు పోసి నానబెట్టింది. పొద్దునకి అది తడి తోలులా మెత్తబడింది. ఒక చివర పెదాల్లా విడింది. వేలు పెడితే లోపల నున్నగా, ఖాళీగా ఉంది. కొమ్ముల పక్కన సన్నటి సందులు కనిపించాయి. ఇది నిజంగా గుడ్డే. ఇందులోంచి ఒక పిల్ల బయటికి వెళ్లింది.

ఆమె ఎగిరి గంతెయ్యాలి. కానీ గోడకి ఆనించిన చార్టు ఎదురుగా కనపడుతోంది. టేకు బొమ్మ. దాని కింద పెద్ద అక్షరాలు: ‘టేకు చేప గుడ్డు పెడుతుంది.’

కొత్త చార్టు వేసుకోవచ్చుగా అంది అమ్మ. వేసుకోవచ్చు. కానీ స్కేట్ బొమ్మ యశస్వినే వెయ్యాలి. అంటే యశస్వినికి చెప్పాలి.

“చెప్తే ఏమవుద్ది?” అంది అమ్మ.

“నవ్వుద్ది.”

“నవ్వనీ.”

జెరూషా స్కూలుకి వెళ్తూ దారిలో జిరాక్స్ షాపులో ఆ ఫొటోని ప్రింటు తీయించింది. దాన్ని నోట్‌బుక్ మధ్యలో పెట్టి మూసేసింది. ఫొటో చూపిస్తే ఇవి రెండు వేర్వేరు చేపలని అందరికీ తెలిసిపోతుంది. చార్టుని చుట్టి రబ్బరు బ్యాండు వేసింది. జగ్గయ్యపేటలో టేకు చేప గురించి ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది.

* * *

గురువారం పొద్దున కొండలరావు సార్ మూడు టీముల్ని బస్సెక్కించి జగ్గయ్యపేట తీసుకెళ్లారు. అక్కడ ఒక హైస్కూలు హాల్లో సైన్స్ ఫెయిర్. చుట్టుపక్కల మండలాల నుంచి నలభై టీములు వచ్చాయి. జెరూషా బల్ల గోడ పక్కన. డ్రిప్పు టీము బల్ల దాని పక్కనే. యశస్విని ఆమె వైపు చూడకుండా పైపులు సర్దుకుంటోంది.

పదకొండు గంటలకి జడ్జి గారు వచ్చారు. ఆయన పేరు భవానీప్రసాద్. కాలేజీలో బోటనీ చెప్పి రిటైరయ్యారు. కళ్లజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. పిల్లలతో మర్యాదగా మాట్లాడతారు. కానీ ఏదీ ఊరికే ఒప్పుకోరు.

ఆయన పళ్లెంలో నీళ్లలో ఉన్న సంచిని చూసి, ఇదేదో కొమ్ముల కాయ తొక్కలా ఉందే అన్నారు. గుడ్డు అని జెరూషా చెప్పింది. ఆయన నవ్వారు. చేప గుడ్లు ఆవగింజల్లా ఉంటాయి, తోలు సంచుల్లా ఉండవు, నిన్నెవరో ఆటపట్టించి ఉంటారు అమ్మాయ్ అన్నారు.

“ఆటపట్టించలేదండి,” అంది జెరూషా. “కాయైతే లోపల గింజ కూర్చునే చోటుంటుంది. దీనికి లేదు. ఒక చివర తెరుచుకుంది. కొమ్ముల పక్కన సందులున్నాయి. మీరే వేలు పెట్టి చూడండి.”

ఆయన వేలు పెట్టలేదు. కళ్లజోడు పెట్టుకుని చార్టు చదివారు. ‘టేకు చేప గుడ్డు పెడుతుంది’ అన్న లైను దగ్గర ఆగిపోయారు.

“నేను సముద్రం పక్కన బందరులో ఆరేళ్లు పనిచేశా,” అన్నారు. “టేకు పిల్లల్ని కనడం నా కళ్లతో చూశా. అసలు టేకు గుడ్డే పెట్టనప్పుడు ఇది టేకు గుడ్డు ఎలా అవుద్ది? చార్టు తప్పు. కాబట్టి నీ గుడ్డు కూడా తప్పే.”

గుడ్డు నిజం. నీళ్లలో కళ్లెదుట ఉంది. కానీ తను రాసిన ఒక్క తప్పు లైను దాన్ని అబద్ధం చేసేసింది. జడ్జి గారు పెన్ను తీసి కాగితం మీద మార్కు వెయ్యబోతున్నారు. ఆయన వెనక కొండలరావు సార్ తల వంచుకుని నిలబడ్డారు. పక్క బల్ల దగ్గర యశస్విని చేతిలో పైపు అలాగే ఉండిపోయింది.

ఇంకా వాదించవచ్చు. కొన్ని టేకులు గుడ్లు పెడతాయండి అనొచ్చు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆదివారం ముట్టుకున్న ఆ చిన్న రెక్క మెత్తదనం ఇంకా ఆమె వేలికి తెలుస్తోంది.

“చార్టు తప్పండి,” అంది జెరూషా. “గుడ్డు తప్పు కాదు.”

పెన్ను ఆగింది.

జెరూషా బ్యాగులోంచి మార్కర్ తీసింది. అందరూ చూస్తుండగా తన పెద్ద అక్షరాల మీద గీత కొట్టేసింది. గీత తిన్నగా వచ్చింది. కొట్టేసిన లైను కింద మళ్లీ రాసింది: ‘టేకు చేప పిల్లల్ని కంటుంది. ఈ మాట యశస్విని చెప్పింది. నేను వినలేదు.’

ఆపైన నోట్‌బుక్ తెరిచి ఫొటో తీసి బల్ల మీద పెట్టింది. రెండు చేపలకీ తేడా ఒక్కొక్కటే చూపించింది. సన్నటి తోక, లావు తోక. విషపు ముల్లు, ముళ్ల వరస. పిల్లలు, గుడ్లు. మా మావయ్య టేకు లాంటి చేప అన్నాడు, నేను టేకు అని విన్నాను, అంతే తేడా అంది. ఆదివారమే మార్కెట్లో నిజం చూశాను, అయినా ఈ చార్టే తెచ్చాను అని కూడా చెప్పింది.

“ఇది కూడా నమ్మమంటావా?” అన్నారు జడ్జి గారు.

“నమ్మొద్దండి. చూడండి.”

భవానీప్రసాద్ గారు చొక్కా చేతులు మడిచి పళ్లెంలో వేలు పెట్టారు. సంచిని తిప్పి చూశారు. తెరుచుకున్న చివర్ని రెండు వేళ్లతో విడదీశారు. ఫొటోలోని సంచినీ దీన్నీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. అవతల టీములు ఎదురుచూస్తున్నా ఆయన కదల్లేదు. ముప్పై ఏళ్లు కాయలే చూశాను, ఇది కాయ కాదు అన్నారు చివరికి. ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు కూడా అన్నారు.

కానీ మార్కుల విషయంలో ఆయన మెత్తబడలేదు. ప్రదర్శనలో పెట్టాక చార్టు దిద్దకూడదని రూలు. కొట్టివేతలున్న చార్టుకి ప్రైజు ఇవ్వలేనని చెప్పేశారు. ఫోన్ తీసి గుడ్డుకి నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకుని వెళ్లిపోయారు.

కొండలరావు సార్ దగ్గరికొచ్చి, ఆయన వెళ్లాక దిద్దుకోవచ్చు కదా తల్లీ, ఒక్క నిమిషం ఆగితే పోయేదేముంది అన్నారు బాధగా.

“ఆగితే గుడ్డు అబద్ధమయ్యేదండి,” అంది జెరూషా.

సార్ డ్రిప్పు టీము బల్ల వైపు నడిచారు.

అప్పుడు యశస్విని వచ్చింది. చార్టు ముందు నిలబడి కొట్టేసిన రెండు లైన్లూ, కింద రాసిన తన పేరూ చదివింది. నవ్వలేదు.

“ఆదివారమే చూశావా?” అంది.

“చూశా.”

“ఇవాళ గురువారం.”

“అవును.” జెరూషా తల దించుకోబోయి, మళ్లీ ఎత్తింది. “తప్పయింది.”

యశస్విని ఫొటో చేతిలోకి తీసుకుని దగ్గరగా చూసింది. చార్టుని బల్ల మీదకి దించి, వెనక వైపుకి తిప్పి, చెవి మీదున్న పెన్సిల్ తీసింది. ముందు ఒళ్లు గీసింది. తర్వాత లావుపాటి తోక, దాని చివర రెండు బుల్లి రెక్కలు. కళ్ల వెనక రెండు చిన్న రంధ్రాలు కూడా వేసింది. ఇవేంటని జెరూషా అడిగింది. ఇసుకలో పడుకున్నప్పుడు నోరు కిందకి ఉంటుంది కదా, అందుకని ఈ రంధ్రాల్లోంచి నీళ్లు పీల్చుకుంటుందని, లైబ్రరీ పుస్తకంలో ఉందని చెప్పింది. జెరూషా ఈసారి పుస్తకాన్ని ఏమీ అనలేదు.

ముళ్లు ఎన్ని వరసలని యశస్విని అడిగింది. ఫొటోలో లెక్కపెట్టి చెప్పింది జెరూషా. సరిగ్గా చూడు, తోక దగ్గర ఇంకో వరస ఉంది అంది యశస్విని. జెరూషా మళ్లీ లెక్కపెట్టింది. ఉంది.

మధ్యాహ్నానికి ఆ బల్ల చుట్టూ పిల్లలు మూగారు. గుడ్డుని ముట్టుకోవాలని లైను కట్టారు. ప్రైజు మాత్రం వాన నీటి గుంట చేసిన వేరే స్కూలు టీముకి వచ్చింది. ఆ సంగతి జెరూషాకి సాయంత్రం దాకా తెలియనే లేదు.

* * *

తిరుగు ప్రయాణంలో బస్సు నిండిపోయింది. కొండలరావు సార్‌కి ముందు సీటు దొరికింది. ఆయన వెనక జెరూషా, యశస్విని ఇరుక్కుని కూర్చున్నారు. వచ్చే ఏడాది ఈ చేపలు వద్దని, వాన నీటి గుంటే చేద్దామని సార్ వెనక్కి తిరిగి చెప్పారు. వద్దండి అన్నారు ఇద్దరూ ఒకేసారి.

బస్సు హైవే ఎక్కింది. యశస్విని కిటికీలోంచి చూస్తూ, “దాని కళ్లు పైనుంటాయి, నోరు కిందుంటుంది కదా. మరి ఏం తింటోందో దానికెలా కనపడుద్ది?” అంది.

వాసన పట్టి తింటుందని జెరూషా చెప్పబోయింది. ఆ జవాబు ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించింది. ఎవరూ చెప్పలేదు. తను ఎక్కడా చూడలేదు. ఊరికే తోచింది.

“నాకు తెలీదు,” అంది.

ఆ మాట అనడం అంత కష్టమేం కాలేదు. నోట్‌బుక్ తీసి, కొత్త పేజీలో పైన తేదీ, కింద ‘జెరూషా, యశస్విని’ అని రాసింది. ఆ కింద మొదటి ప్రశ్నగా దీన్ని రాసింది.

ముందు సీట్లోంచి సార్ తల తిప్పి, ఇందులో రాసుకోవడానికి ఏముంది, వాసన పట్టి తింటుంది అన్నారు.

“మీరు చూశారాండి?” అంది జెరూషా.

“చూడలా.”

“ఎక్కడన్నా చదివారాండి?” అంది యశస్విని.

సార్ లేదన్నట్టు తల ఊపారు. బస్సు ఒక స్టాపులో ఆగింది, మళ్లీ కదిలింది. ఆయన వెనక్కి వంగి నోట్‌బుక్‌లోకి చూశారు.

“అయితే మీ పేర్ల కింద నాది కూడా రాయండి,” అన్నారు.